మడ వేళ్ళకు చేరని మన్ను

సింగరేణి బొగ్గు పొరలను ఆనుకుని బూడిదరంగు రాతి పలకలు ఉంటాయి. వాటిని జాగ్రత్తగా చీలిస్తే కొన్నింటి లోపల ఆకు అచ్చు కనబడుతుంది. నాలుకలా సాగిన ఆకు, నడుమ స్పష్టంగా ఈనె, దానికి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నటి నరాలు. నిన్ననే రాలినంత తీరుగా ఉంటుంది గానీ, ఆ చెట్లు ఈ నేల మీద నిలిచి 25 కోట్ల ఏళ్ళు దాటింది. శాస్త్రజ్ఞులు ఆ జాతిని గ్లాసోప్టెరిస్ అంటారు. గ్రీకు భాషలో గ్లోస్సా అంటే నాలుకే.

కాసిపేట, మందమర్రి, గోదావరిఖని ఉన్న ఈ గోదావరి లోయ అప్పట్లో చిత్తడి అడవి. ఆకులు, కొమ్మలు, మొద్దులు బురద నీటిలో పడ్డాయి. గాలి అందని బురదలో ఏదీ పూర్తిగా కుళ్ళదు. పొర మీద పొర పేరుకుంది, దాని మీద ఇసుక, మన్ను పడ్డాయి. ఆ బరువుకూ వేడికీ అది బొగ్గయింది. కాసిపేట బాయిల్లో మొదటి షిఫ్టు దిగేవాళ్ళు తవ్వి తెచ్చేది ఆ పాత అడవినే.

బురదలో ఆకు కుళ్ళకుండా పేరుకునే అలాంటి పని ఇప్పటికీ జరుగుతున్న చోటు ఇదే గోదావరి మీద, ఇంకో కొసన ఉంది. కాసిపేట చుట్టుపక్కల వాగుల్లో పారే నీళ్ళు ఏ దారిన పోయినా చివరికి గోదారిలోనే కలుస్తాయి. ఆ గోదారి మంచిర్యాల, గోదావరిఖని దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం మీదుగా ధవళేశ్వరం చేరి, అక్కడ పాయలుగా చీలుతుంది. తూర్పు వైపు పాయ గౌతమి. అది సముద్రంలో కలిసే ముందు, కాకినాడకు దక్షిణంగా, నేలా నీరూ తేల్చి చెప్పలేని చోట ఒక అడవి నిలబడి ఉంది. అదే కోరంగి మడ అడవి.

తెలంగాణకు సముద్రం లేదు కాబట్టి మడ అడవి కూడా లేదు. అయినా ఆ అడవి బాగోగుల్లో తెలంగాణకు పాత్ర ఉంది. నది ఒక్కటే కావడం వల్ల.

మడ అడవిని మొదటిసారి చూసేవాళ్ళ చూపు చెట్టు మీద కన్నా ముందు నేల మీద పడుతుంది. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల, వేల పుల్లలు పైకి పొడుచుకుని ఉంటాయి. అవి వేళ్ళు. మామూలు చెట్టు వేళ్ళకు మట్టి సందుల్లో గాలి దొరుకుతుంది. మడ బురదలో గాలి ఉండదు. అందుకే వేరు తలకిందులుగా పైకి పెరిగి, నీళ్ళు దిగిపోయిన వేళ తన ఒంటి మీది సన్నటి రంధ్రాల గుండా గాలి పీల్చుకుంటుంది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. పోటులో మునిగి, పాటులో ఊపిరి తీసుకోవడమే ఆ వేరు బతుకు.

తెల్ల మడ ఆకును కోసి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పునీటిలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటికి నెట్టేస్తుంది. ఎండ వేళ ఆకు మీద అది సన్నటి పలుకులుగా మెరుస్తుంది. ఉప్పుపొన్నది మరో పద్ధతి. దాని కాయ చెట్టుకు ఉండగానే మొలకెత్తుతుంది. మునగకాయలా కిందికి సాగి, బరువెక్కాక రాలి, అదృష్టం బాగుంటే నిటారుగా బురదలో దిగబడుతుంది. గింజ నేల మీద పడి మొలకెత్తేలోగా పోటుకు కొట్టుకుపోతుంది కాబట్టి, బిడ్డను నిలబడేదాకా కడుపులోనే పెంచి వదిలినట్టుంటుంది ఆ ఏర్పాటు. తిల్ల చెట్టు జోలికి మాత్రం తెలిసినవాళ్ళు వెళ్ళరు. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

కోరంగి అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కోరంగి, గాడేరు పాయలు దీని మధ్యగా మెలికలు తిరుగుతాయి. నీటికుక్కల గుంపులు ఇక్కడ పగలే కనబడతాయి. చేపను వేటాడి తినే బావురుపిల్లి రాత్రిపూట ఒడ్డు వెంబడి తిరుగుతుంది. అడవికి తూర్పున సముద్రం వైపు హోప్ ఐలాండ్ అనే పొడుగాటి ఇసుక దిబ్బ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పేర్చగా గత రెండు శతాబ్దాల్లో ఏర్పడింది అది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ దిబ్బ మీదికే వస్తాయి. కాకినాడ రేవుకు సముద్రపు తాకిడి తక్కువగా ఉండటానికి కూడా ఆ దిబ్బే కారణం.

కోరంగి పేరు తెలుగువాళ్ళ వలస చరిత్రలోనూ ఉంది. ఒకప్పుడు అది ఓడలు కట్టే ఊరు, పెద్ద రేవు. అక్కడి నుంచి బర్మాకు వెళ్ళిన కూలీల వల్ల రంగూన్‌లో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడింది. ఆ రేవును ఉప్పెనలు మింగేశాయి. 1789 డిసెంబరులో ఒకటి, 1839 నవంబరులో మరొకటి. రెండో దాంట్లో మూడు లక్షల మంది పోయారని పాత పుస్తకాలు రాస్తాయి. ఆ అంకెలో అతిశయం ఉన్నా, దాని తర్వాత కోరంగి పెద్ద రేవుగా మళ్ళీ లేవలేదన్నది నిజం. కలకత్తాలో ఉంటూ తుపానుల మీద పుస్తకాలు రాసిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెనను ప్రత్యేకంగా పరిశీలించాడు. ‘సైక్లోన్’ అనే మాటను లోకానికి ఇచ్చినది కూడా ఆయనే.

ఉప్పెనకు మడ అడ్డు నిలుస్తుందా అన్నది తీరం మీద తరచూ వినే ప్రశ్న. దీనికి మంచి జవాబు పక్క రాష్ట్రంలో దొరికింది. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుపాను తాకింది. ఆ తర్వాత భితర్‌కనిక ప్రాంతంలో మూడు ఊళ్ళను పోల్చి చూశారు. ఒక ఊరికి మడ అడవి అండ ఉంది. ఒక ఊరికి మడ లేదు, సముద్రానికి అడ్డంగా కట్ట ఉంది. మూడో ఊరికి రెండూ లేవు. మడ వెనక ఉన్న ఊళ్ళో ఇంటికి సగటు నష్టం 33 డాలర్లు. ఏ అండా లేని ఊళ్ళో 44 డాలర్లు. కట్ట ఉన్న ఊళ్ళో 154 డాలర్లు! కట్ట తెగి లోపలికి వచ్చిన ఉప్పునీరు బయటికి పోలేక పొలాల్లోనే నిలిచిపోయింది. మనుషులు కట్టిన కట్ట కన్నా, ఎవరూ నాటని చెట్లు ఎక్కువ కాపాడాయి. అదే తుపాను మీద సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ కేంద్రపాడా జిల్లాలోని వందల ఊళ్ళ లెక్కలు తీసి 2009లో ప్రచురించారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్ళో చావులు అంత తక్కువగా ఉన్నాయని తేలింది. మడ ఉన్నా అందరూ బతికిపోతారని కాదు. ముందుగా హెచ్చరించి ఊళ్ళు ఖాళీ చేయించడం వల్లే ఎక్కువ ప్రాణాలు నిలిచాయని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

1977లో దివిసీమ ఉప్పెన, 1996లో కోనసీమ తుపాను చూసిన జిల్లాలకు ఈ లెక్కలు చదివి చెప్పాల్సిన పని లేదు.

ఇక కూడు సంగతి. పండుగప్ప, కట్టిపరిగె లాంటి చేపలు, టైగర్ రొయ్య, మండపీత జీవితంలో కొంత భాగం మడ నీళ్ళలో గడుపుతాయి. రాలిన మడ ఆకు బురదలో చివికి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. వాటిని చిన్న పురుగులు, ఆ పురుగులను రొయ్య పిల్లలు తింటాయి. వేళ్ళ గజిబిజిలోకి పెద్ద చేప దూరలేదు కాబట్టి పిల్లలకు అదొక పురిటిల్లు. పాటు తీసిన వేళ పీతలు పట్టేవాళ్ళు మోకాలి లోతు బురదలో నడుస్తూ, బొరియ కనబడితే కొస వంచిన ఇనుప ఊచను మెల్లగా లోపలికి దించుతారు. ఊచకు పీత తగిలిన చప్పుడును బట్టే అది ఎంతటిదో చెప్పగలరు. బొరియలోంచి లాగాక డెక్కలను నారతో కట్టేదాకా చేతులు అప్రమత్తంగా ఉండాలి. మంచి మండపీత డెక్కలో పడితే వేలు దక్కడం కష్టం. అలా పట్టిన పీత బతికుండగానే కాకినాడ చేరి, అక్కడి నుంచి దేశాలు దాటుతుంది.

1990 దశకంలో తీరం అంతటా రొయ్యల చెరువుల ఊపు వచ్చింది. పంట పొలాలు చెరువులయ్యాయి, మడ అంచులు కూడా చెరువులయ్యాయి. విచిత్రం ఏమిటంటే ఆ రోజుల్లో చెరువుల్లో వేసే రొయ్య పిల్లల్లో చాలా వాటిని ఈ మడ పాయల్లోనే వలలతో పట్టేవారు. ఆడవాళ్ళు, పిల్లలు నడుం లోతు నీళ్ళలో నిలబడి పట్టి లెక్కపెట్టి అమ్మేవారు. పిల్లల్ని ఇచ్చే అడవిని నరికి, ఆ పిల్లల్ని పెంచే చెరువు తవ్వారన్నమాట. దశకం నడిమికి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు పోయాయి, అప్పులు మిగిలాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులకు నిబంధనలు పెట్టింది. చెరువులు మాత్రం ఆగలేదు. 2009 తర్వాత వెనామీ రొయ్య రావడంతో మళ్ళీ పుంజుకున్నాయి.

నరికిన చోట మొక్కలు నాటితే సరిపోదా అని అడిగేవాళ్ళు ఉంటారు. బొగ్గు ప్రాంతం వాళ్ళకు ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల మీద మొక్కలు నాటడం తెలుసు కాబట్టి ఈ ప్రశ్న సహజమే. మడకు అసలు చిక్కు మొక్క దగ్గర లేదు, నీళ్ళు వచ్చిపోయే దారి దగ్గర ఉంది. మడను నరికినా, పశువులు తొక్కినా నేల మధ్యలో పళ్ళెంలా దిగిపోతుంది. పోటు నీరు వచ్చి అందులో నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు మిగులుతుంది. పోటు పోటుకూ ఆ ఉప్పు పెరిగి, ఏ మొక్క పెట్టినా మాడిపోతుంది. 1990 దశకం రెండో సగంలో ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, తీర గ్రామాల వాళ్ళు కలిసి కోరంగిలో దీనికి ఒక మందు వేశారు. నేలలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప వెన్నెముక, ముళ్ళలా ఉంటుంది. పోటు నీరు కాలువల్లోకి వచ్చి, పాటుకు తిరిగి పోతుంటే ఉప్పు కొట్టుకుపోయింది. కాలువ గట్ల మీద పెట్టిన మొక్కలు బతికాయి. కొన్నేళ్ళకు వాటి గింజలే చుట్టూ మొలిచాయి. అయితే కాలువలు మళ్ళీ పూడిపోతాయి. పూడిక తీసే పని ఊరివాళ్ళు చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ మడ నిలుస్తుంది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం గ్యాసు పథకం లాంటివి వంటకు మడ కట్టె మీద ఆధారపడటాన్ని కొంత తగ్గించాయి.

ఫలితం లెక్కల్లో కనబడుతుంది. భారత అటవీ సర్వే 2023 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ సుమారు 421 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందు లెక్క కన్నా 13 పెరిగింది. దేశం మొత్తం మీద మాత్రం అదే కాలంలో కొంచెం తగ్గి 4,992 దగ్గర ఉంది. పెరిగింది కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు. 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను చదును చేస్తున్నారన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఊరు పెరిగేకొద్దీ బురద నేల అందరికీ ఖాళీ స్థలంలాగే కనబడుతుంది.

మళ్ళీ బొగ్గు దగ్గరికి వద్దాం. మడ బురదలో గాలి ఆడదు కాబట్టి రాలిన ఆకు, చచ్చిన వేరు అక్కడ పూర్తిగా కుళ్ళి గాలిలో కలవవు. 25 కోట్ల ఏళ్ళ కిందట కాసిపేట నేలలో జరిగినదే ఇది. డొనాటో అనే శాస్త్రజ్ఞుడి బృందం 2011లో హిందూ, పసిఫిక్ సముద్ర తీరాల మడ అడవుల్ని కొలిచి, హెక్టారుకు సగటున వెయ్యి టన్నుల పైచిలుకు కర్బనం ఉందని, అందులో చాలా భాగం చెట్టులో కాక నేలలోనే ఉందని తేల్చింది. అందుకే మడ అడవిని వాతావరణానికి మందుగా చూపించేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. కొంచెం లెక్క వేసి చూద్దాం. ఆ సగటే మన తీరానికీ వర్తిస్తుందనుకుంటే 421 చదరపు కిలోమీటర్లలో ఉన్నది సుమారు 4 కోట్ల టన్నుల కర్బనం. సింగరేణి 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నుల బొగ్గు. అందులో సగానికి కాస్త తక్కువ కర్బనం అనుకున్నా, ఆంధ్ర తీరం మడ అడవులన్నీ వందల ఏళ్ళుగా దాచినది సింగరేణి ఏడాది, ఏడాదిన్నరలో బయటికి తీసే దానికి సమానం. మడను నాటి బొగ్గు పొగను సరిపెట్టేస్తామనే మాట ఈ లెక్క ముందు నిలవదు. మడను కాపాడటానికి పీత, చేప, ఉప్పెన చాలు. నేలలో దాగిన కర్బనాన్ని తవ్వి గాలిలో కలపకుండా ఉంటే అది అదనపు మేలు.

మడకు ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద దెబ్బ గొడ్డలి వల్ల కాదు, నది వల్ల. డెల్టా అంటే నది పోసిన మన్ను. ఆ మన్ను తన బరువుకే ఏటా కొంచెం కుంగుతుంది, అటు సముద్ర మట్టం పెరుగుతోంది. ఏటా వరదతో కొత్త మన్ను వస్తేనే మడ నేల నీళ్ళ పైన నిలుస్తుంది. ఆ మన్ను దారిలోనే ఆగిపోతోంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ కట్టినప్పుడు దాని నిల్వ 112 టీఎంసీలు. పూడిక పేరుకుని తర్వాతి సర్వేల్లో అది 90కి, ఆపైన 80కి దిగింది. ఆ పోయిన 30 పైచిలుకు టీఎంసీల జాగాలో కూర్చున్నది కోరంగికి చేరాల్సిన మన్నే. పైన మహారాష్ట్రలో జాయక్‌వాడి, కింద ఎల్లంపల్లి, సుందిళ్ళ, అన్నారం, మేడిగడ్డ, ఇంకా కింద పోలవరం, ధవళేశ్వరం. ఒక్కొక్కటీ తన వంతు పట్టుకుంటుంది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1970 దశకంలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మన్ను దించేది. 1990 దశకానికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పాతికేళ్ళలో డెల్టా అంచు నికరంగా 18 చదరపు కిలోమీటర్లు సముద్రానికి పోయింది.

ఈ ప్రాజెక్టులు వద్దనే హక్కు ఎవరికీ లేదు. ఎల్లంపల్లి నీళ్ళు తాగే ఊళ్ళు ఉన్నాయి, వాటి మీద నడిచే కర్మాగారాలు ఉన్నాయి, పండే చేలు ఉన్నాయి. అయితే ప్రాజెక్టు లెక్కలో ఎన్ని ఎకరాలకు నీరు, ఎన్ని మెగావాట్లకు నీరు అన్న గడులు ఉంటాయి గానీ, ఎన్ని టన్నుల మన్ను సముద్రపు ఒడ్డుకు అన్న గడి ఉండదు. వరద రోజుల్లో అడుగు గేట్లు తెరిచి పూడికను ముందుకు పంపే పద్ధతులు లోకంలో ఉన్నాయి. మన దగ్గర పూడిక గురించి మాట్లాడేది నిల్వ తగ్గిందన్నప్పుడే.

నీళ్ళదీ అదే కథ. ఎండాకాలం ధవళేశ్వరం దగ్గర నీరంతా కాలువల్లోకి మళ్ళుతుంది, గౌతమి కొసకు దాదాపు చుక్క చేరదు. సముద్రపు ఉప్పు పాయల్లో పైపైకి ఎక్కుతుంది. ఎంత ఉప్పునైనా తట్టుకునే తెల్ల మడ నిలుస్తుంది, మంచినీటి కలయిక కోరే జాతులు పలచబడతాయి. దూరం నుంచి చూస్తే, ఉపగ్రహం నుంచి చూసినా, అడవి పచ్చగానే ఉంటుంది. లోపల రకాలు తగ్గిపోవడం చదరపు కిలోమీటర్ల లెక్కలో కనబడదు. ప్రపంచంలోని మడ వ్యవస్థల్లో సగం కూలిపోయే ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2024 మేలో ప్రకటించింది.

జులై, ఆగస్టుల్లో మాత్రం గోదారి ఇంకా కొంతైనా పాత గోదారిలా వస్తుంది. ఎగువన గేట్లన్నీ ఎత్తాక ధవళేశ్వరం దాటి ఎర్రనీరు దిగుతుంది. పులస చేప దానికి ఎదురీది పైకి పోతుంది. గాడేరులో నీళ్ళు మడ మొదళ్ళ దాకా నిండి, పాటుకు మెల్లగా జారతాయి. జారాక ఊపిరి వేళ్ళ చుట్టూ గోరు మందాన కొత్త ఒండ్రు మెరుస్తూ ఉంటుంది. అందులో ఆదిలాబాద్ చేల నల్లమన్ను ఉంటుంది, కాసిపేట వాగుల ఇసుక ఉంటుంది. తెల్లారేసరికి పీతలు దానిలో బొరియలు తవ్వి, చిన్న చిన్న మట్టి ఉండల్ని గట్టున పేరుస్తాయి.